'లైలా' పాట వెనక కథ: ఒకే పాటలో రెండు పాటలు ఎందుకున్నాయి?

గిటారు సాధన

అందరికీ నమస్కారం. నలభై రెండేళ్ల వయసులో గిటారు పట్టుకున్నాను. మూడు నెలలుగా ఒకే పాట మొదట్లో వచ్చే ఏడు స్వరాల దగ్గరే ఆగిపోయాను. డెరెక్ అండ్ ది డామినోస్ అనే రాక్ బృందం వారి 'లైలా', 1970 నాటిది.

మొన్న మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "రోజూ అదే వాయిస్తున్నావు, ఏం పాటరా అది?" అంది. 'లైలా' అని చెప్పాను. "లైలా మజ్నూలో లైలాయేనా? భానుమతి వేసింది కదా!" అంది. కాదమ్మా, ఇది ఇంగ్లీషు పాట అని చెప్పి ఊరుకున్నాను కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంతకీ ఈ లైలా ఎవరు?

ఇంకో సందేహం. కాలేజీ రోజుల్లో నేను విన్నది 1992లో ఆ బృందపు గిటారిస్టు, గాయకుడు ఎరిక్ క్లాప్టన్ మామూలు గిటారు మీద నింపాదిగా పాడిన రూపం. అసలు రికార్డు ఈ మధ్యే విన్నాను. మూడు నిమిషాలు దాటగానే అరుపులన్నీ ఆగిపోయి పియానో మొదలైంది. తర్వాతి పాట వచ్చేసిందేమో అనుకున్నాను. కాదు, అది ఇదే పాట. ఆ తర్వాత దాదాపు నాలుగు నిమిషాల పాటు ఒక్క మాట కూడా ఉండదు. ఎందుకలా చేశారో తెలిసినవారు చెప్పగలరా?

పాత రికార్డుల పెట్టె

మీ అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు. అదే లైలా. ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి.

కథ మొదటి నుంచి చెబుతాను. క్లాప్టన్‌కు అత్యంత ఆప్తుడు బీటిల్స్ బృందంలోని జార్జ్ హ్యారిసన్. 1968లో బీటిల్స్ పాట ఒకదానికి హ్యారిసన్ పట్టుబట్టి క్లాప్టన్ చేత గిటారు వాయింపించాడు. 1969 వసంతంలో హ్యారిసన్ తన ప్రసిద్ధమైన 'హియర్ కమ్స్ ది సన్' పాటను రాసుకున్నది క్లాప్టన్ ఇంటి తోటలో, క్లాప్టన్ గిటారు మీద. అంతటి స్నేహం. హ్యారిసన్ భార్య ప్యాటీ బాయ్డ్. 1964లో బీటిల్స్ తొలి సినిమా షూటింగులో వాళ్లకు పరిచయమైంది, 1966 జనవరిలో పెళ్లయింది. క్లాప్టన్ ఆమెనే ప్రేమించాడు.

ఆ రోజుల్లో ఇయాన్ డల్లస్ అనే మిత్రుడు క్లాప్టన్‌కు ఒక పుస్తకం ఇచ్చాడు. నిజామీ పారశీకంలో రాసిన లైలా మజ్నూ కావ్యానికి ఇంగ్లీషు అనువాదం అది. దొరకని ప్రియురాలి కోసం పిచ్చివాడైపోయిన మనిషిలో క్లాప్టన్ తనను తాను చూసుకున్నాడు. ప్యాటీ పేరు బయటికి చెప్పలేక, ఆ పేరు పెట్టి పిలిచాడు. ఇదే ఆల్బమ్‌లో 'ఐ యామ్ యువర్స్' అని ఇంకో పాట ఉంది. దాని రచయితల పేర్లలో క్లాప్టన్ పక్కన నిజామీ పేరు వేశారు. ఎనిమిది వందల ఏళ్ల నాటి కవికి ఒక రాక్ రికార్డు మీద రచయితగా చోటు దక్కడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఇంకొకటి చాలామంది గమనించరు. డామినోస్ అంటే క్లాప్టన్, కీబోర్డు వాయించే బాబీ విట్లాక్, బేస్ గిటారు కార్ల్ రాడల్, డ్రమ్స్ జిమ్ గోర్డన్. 1970లో హ్యారిసన్ తన సొంత ఆల్బమ్ చేసుకుంటే అందులో వాయించినవాళ్లలో ఈ నలుగురూ ఉన్నారు. అంటే పగలు స్నేహితుడి పాటలకు వాయిస్తూ, అతని భార్య కోసం లోపల ఈ పాటను మోస్తున్నాడు క్లాప్టన్. ఆ రెండు ఆల్బమ్‌లూ అదే ఏడాది నవంబరులో వచ్చాయి.

గజల్ ప్రియ

లైలా పేరు వినగానే ఆగలేకపోయాను. హైదరాబాదులో మా తాతగారి దగ్గర ఉర్దూ, కొంచెం పారశీకం నేర్చుకున్నదాన్ని.

నిజామీ గంజవీ ఈ కావ్యాన్ని 1188లో రాశాడు. ఆయన ఊరు గంజ, నేటి అజర్‌బైజాన్‌లో ఉంది. కథ మాత్రం అరబ్బుల ఎడారిది, ఆయన కన్నా చాలా పాతది. కుర్రవాడి అసలు పేరు ఖైస్. మజ్నూన్ అంటే జిన్ పట్టినవాడు, మతిపోయినవాడు. లైలా మీద ప్రేమను ఊరంతా వినేలా పాడుకుంటూ తిరిగాడు కాబట్టి లోకం పెట్టిన పేరది. పిచ్చివాడికి పిల్లనివ్వనన్నాడు లైలా తండ్రి. ఇబ్నె సలామ్ అనే అతనికిచ్చి పెళ్లి చేశాడు. ఖైస్ ఎడారిలోకి వెళ్లి మృగాల మధ్య బతికాడు.

క్లాప్టన్ కథకు, ఈ కథకు ఒక పెద్ద తేడా ఉంది. నిజామీ లైలా పెళ్లయ్యాక కూడా మనసులో మజ్నూనే పెట్టుకుంది, భర్తను దగ్గరికి రానివ్వలేదు. ప్యాటీ అలా కాదు, ఆమె హ్యారిసన్‌ను ప్రేమించే పెళ్లి చేసుకుంది. తన మనసులో ఉన్నదే ఆమె మనసులో కూడా ఉందని అనుకోవడానికి ఆ పేరు క్లాప్టన్‌కు ఉపయోగపడిందని నాకు అనిపిస్తుంది.

గిటారు సాధన గారూ, మీ అమ్మగారు చెప్పిన సినిమా 1949లో భరణీ వారు తీసినది. భానుమతి లైలా, అక్కినేని నాగేశ్వరరావు ఖైస్, సంగీతం సి.ఆర్. సుబ్బరామన్. గంజలో పుట్టిన కావ్యం మద్రాసు స్టూడియోకు వచ్చిన ఇరవై ఒక్కేళ్ల తర్వాత, ఈ పాట రికార్డు చేసిన మయామీ స్టూడియోకు వెళ్లింది.

మల్లెతీగ

నాకు ఈ పాట ఇష్టమే. అయినా ఈ కథను చెప్పుకునే తీరు చాలాకాలంగా బాధపెడుతోంది. ఎప్పుడూ ఆయన ఎంత వేదన పడ్డాడన్నదే మాట్లాడతాం. ఆ పాట ఎవరి చెవిలో పడిందో ఆమెకు ఏమైంది?

ప్యాటీ 2007లో తన జీవితకథ రాసింది. లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో ఒక ఫ్లాటుకు రమ్మని పిలిచి, క్లాప్టన్ ఈ పాట టేపును ఆమెకు రెండు మూడు సార్లు వినిపించాడట, ఆమె ముఖం వంకే చూస్తూ. పాట ఎంత శక్తిమంతమైనదో ఆమెకు వెంటనే అర్థమైంది. దాంతోపాటే, ఇది నా గురించేనని లోకమంతా తెలుసుకుంటుందన్న భయమూ వేసింది. అదే రోజు రాత్రి ఒక విందులో క్లాప్టన్ నేరుగా హ్యారిసన్‌తోనే, నీ భార్యను ప్రేమిస్తున్నానని చెప్పేశాడు. హ్యారిసన్ ఆమెను అడిగాడు, నాతో వస్తున్నావా, అతనితో వెళ్తున్నావా అని. ఆమె భర్తతో ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత క్లాప్టన్ ఒక హెరాయిన్ పొట్లం చూపించి, నువ్వు రాకపోతే ఇది తీసుకుంటానన్నాడట. తీసుకున్నాడు కూడా. సుమారు మూడేళ్లు ఇల్లు కదలకుండా ఆ మత్తులో ఉన్నాడు. ఒక మనిషి తన నాశనానికి ఇంకొకరిని బాధ్యురాలిని చేయడాన్ని నేను ప్రేమ అనలేను. పాటలో మోకాళ్ల మీద పడి వేడుకుంటున్నది అతనే. కానీ ఆ గదిలో ఇరుకున పడింది ఆమె.

పాత రికార్డుల పెట్టె

మల్లెతీగ గారూ, మీరన్నదాన్ని కాదనలేను. ఈ కథను నేను ఇన్నేళ్లుగా క్లాప్టన్ వైపు నుంచే చెబుతూ వచ్చాను. పైన కూడా అలాగే రాశాను.

పెళ్లి సంగతి కూడా చెప్పాలి కనుక చెబుతున్నాను. 1974లో ప్యాటీ హ్యారిసన్‌ను విడిచి వచ్చింది. ఆ కాపురం అప్పటికే ఆమెకు కష్టంగా ఉంది. 1977లో విడాకులు, 1979 మార్చిలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో క్లాప్టన్‌తో పెళ్లి. ఇంగ్లండులో ఇచ్చిన విందుకు హ్యారిసన్ వచ్చి వాయించాడు. స్నేహం చెడలేదు. కానీ క్లాప్టన్ తాగుడు, ఇతర స్త్రీలతో సంబంధాలు ఆమెను మళ్లీ ఒంటరిని చేశాయి. పదేళ్లకు ఆ పెళ్లీ ముగిసింది. పాటలో దొరకనంతకాలం లైలా. దొరికాక ఇంట్లో ఎదురుచూసే మనిషి.

గజల్ ప్రియ

మల్లెతీగ గారి మాటకు నిజామీయే సాక్ష్యం ఇస్తాడు. కావ్యంలో ఒకచోట లైలా తన బాధను మజ్నూన్ బాధతో పోల్చుకుంటుంది. అతను మగవాడు, స్వేచ్ఛ ఉంది, ఎవరికీ భయపడక్కర్లేదు, కొండలెక్కి ఏడవగలడు, అరవగలడు, కవిత్వం చెప్పగలడు. నేను నోరు విప్పితే పరువు పోతుంది, లోపలే కాలిపోవాలి అంటుంది. మజ్నూన్ కన్నా నా ప్రేమే బరువైనది అన్నట్టు మాట్లాడుతుంది. ఈ కథ పేరు చెప్పుకునేవాళ్లు చాలామంది ఆ పుటలను దాటుకుని వెళ్లిపోతారు.

రాగమాల

నేను కర్ణాటక వయొలిన్ నేర్పుతాను. కథ మీరంతా చెప్పారు, గిటారు సాధన గారి రెండో ప్రశ్నకు సంగీతం వైపు నుంచి ప్రయత్నిస్తాను.

ముందు ఆ ఏడు స్వరాలు. 'డి'ని షడ్జమం అనుకుంటే అవి ప ని స గ స ని స. గాంధారం సాధారణం, నిషాదం కైశికి. శుద్ధ ధన్యాసిలో వచ్చే స్వరాలే. రాగమని అనడం లేదు, స్వరాల వరకే. మా విద్యార్థులకు ఇది వాయించి చూపిస్తే వెంటనే పట్టుకున్నారు. అందుకే మీ అమ్మగారి చెవికీ అంత పరాయిగా అనిపించి ఉండదు.

అసలు కిటుకు దాని తర్వాత ఉంది. ఆ పల్లవి డి మైనర్‌లో మోగుతుంది. మాటలు మొదలవగానే శ్రుతి అర మెట్టు కిందికి, సి షార్ప్ మైనర్‌కు జారుతుంది. లైలా అని పిలిచేటప్పుడు మళ్లీ అర మెట్టు పైకి. చరణం నుంచి పిలుపులోకి వెళ్లిన ప్రతిసారీ నేల కొంచెం పైకి లేచినట్టు ఉంటుంది. పాడే గొంతు ఆ ఎత్తుకు అందడానికి తంటాలు పడుతుంది. మనం శ్రుతి మార్చడాన్ని తప్పుగా చూస్తాం. ఇక్కడ మాత్రం ఆ మార్పు లేకపోతే వేడుకోలు లేదు.

పియానో భాగం సి మేజర్. అక్కడ ఎవరూ దేన్నీ అందుకోవాలని చూడరు. మన కచేరీలో పెద్ద కీర్తన ముగిశాక సభంతా కాసేపు ఊపిరి తీసుకుంటుందే, అలాంటిది. అడిగేది అడిగేశాడు, జవాబు రాదు. ఆ జవాబు రాని సమయమే ఆ నాలుగు నిమిషాలు అని నా అభిప్రాయం.

ఆ రెండో భాగంలో పైన తేలుతున్న స్లైడు గిటారును వినండి. గాజు గొట్టంతో తీగ మీద జారుతుంటే గిటారు మెట్ల (ఫ్రెట్ల) హద్దు ఉండదు. వయొలిన్‌లో మా జారు ఎలాగో అదీ అలాగే. చివరి క్షణాల్లో పిట్ట కూసినట్టు వినిపిస్తుంది. అది పిట్ట కాదు, తీగ మీద మెట్లు అయిపోయిన చోటు కూడా దాటి పైకి వెళ్లిన డ్యువాన్ ఆల్మన్ చెయ్యి.

జార్జియా ప్రవాసి

డ్యువాన్ పేరు వచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నాను. పదకొండేళ్లుగా అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉంటున్నాను. మేకన్ ఊరు మాకు దగ్గర.

డ్యువాన్ డామినోస్ సభ్యుడు కాదు. 1970 ఆగస్టు 26న మయామీలో డ్యువాన్ సొంత బృందం ఆల్మన్ బ్రదర్స్ ఆరుబయట కచేరీ చేస్తున్నారు. రికార్డింగు ఇంజనీరు టామ్ డౌడ్ క్లాప్టన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాడు. వేదిక ముందు కూర్చున్న క్లాప్టన్‌ను చూసి డ్యువాన్ వాయించడం ఆపి నిలబడిపోయాడట. ఆ రాత్రే అందరూ క్రైటీరియా స్టూడియోకు వెళ్లి తెల్లారేదాకా వాయించారు. ఆ తర్వాత ఆల్బమ్‌లో ఎక్కువ పాటలకు డ్యువాన్ వాయించాడు. క్లాప్టన్ 'లైలా'ను నెమ్మదైన పాటగా అనుకున్నాడు. ఆల్బర్ట్ కింగ్ పాడిన ఒక బ్లూస్ పాటలోని గాత్రపు వరుసను డ్యువాన్ అందుకుని వేగం పెంచాడు. మీరు మూడు నెలలుగా సాధన చేస్తున్నది అదే.

1971 అక్టోబరు 29న మేకన్‌లో మోటారుసైకిలు ప్రమాదంలో డ్యువాన్ పోయాడు. ఇరవై నాలుగేళ్లు. అప్పటికి ఈ పాట జనంలోకి సరిగా వెళ్లనే లేదు. డెరెక్ అంటే క్లాప్టనే అని చాలామందికి తెలియదు, ఇంగ్లండులో ఆల్బమ్ జాబితాకే ఎక్కలేదు. 1972లో పూర్తి నిడివితో మళ్లీ విడుదల చేశాక అమెరికాలో 10వ స్థానానికి, బ్రిటన్‌లో 7వ స్థానానికి వెళ్లింది. ఆ విజయం డ్యువాన్ చూడలేదు.

రోజ్ హిల్ శ్మశానంలో, ఓక్‌మల్గీ నది ఒడ్డున ఆయన సమాధి ఉంది. ఏడాది తర్వాత అదే ఊళ్లో, అలాగే మోటారుసైకిలు ప్రమాదంలో పోయిన ఆయన సహచరుడు బెర్రీ ఓక్లీ సమాధి పక్కనే. ఒక డిసెంబరు సాయంత్రం నేనూ నా భార్యా అక్కడ నిలబడ్డాం. ఫోనులో ఈ పాట చివరి నిమిషం చిన్నగా పెట్టుకున్నాం. అప్పుడు నిజంగానే చెట్టు మీద ఏదో పిట్ట కూసింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని పాట ఆపేశాం.

కొత్త సభ్యుడు

పియానో భాగం రాసింది డ్రమ్స్ వాయించిన జిమ్ గోర్డన్ అట కదా. తర్వాత తల్లినే చంపిన హంతకుడట. ఇంత అందమైన సంగీతం అలాంటి మనిషి చేతి నుంచి వచ్చిందంటే వినబుద్ధి కావడం లేదు.

పాత రికార్డుల పెట్టె

ఆ సంగతిలో రెండు విషయాలు విడదీసి చూడాలి.

మొదటిది, అది గోర్డన్ ఒక్కడిదేనా అన్నది. పాట రచయితలుగా క్లాప్టన్, గోర్డన్ పేర్లే ఉన్నాయి. మొదటి భాగం అయిపోయిన కొన్ని వారాల తర్వాత, గోర్డన్ స్టూడియోలో పియానో మీద వాయించుకుంటున్నది క్లాప్టన్‌కు నచ్చి, దాన్ని విడిగా రికార్డు చేసి పాటకు అతికించారు. గిటారు సాధన గారూ, మీకు రెండు పాటల్లా వినిపించడానికి కారణం అదే. నిజంగానే అవి రెండు. అయితే గాయని రీటా కూలిజ్ చెప్పేది వేరు. అప్పట్లో ఆమె, గోర్డన్ ప్రేమలో ఉన్నారు. ఆ వరుసను ఇద్దరం కలిసి కట్టాం, 'టైమ్' అని పేరు పెట్టుకున్నాం, క్లాప్టన్‌కు వినిపించి టేపు కూడా ఇచ్చాం అని ఆమె తన పుస్తకంలో రాసింది. తర్వాత రికార్డులో విని నిశ్చేష్టురాలైంది. ఆమె మాట నిజమేనని డామినోస్‌లోని బాబీ విట్లాక్ స్వయంగా అన్నాడు. ఆ వరుసనే మాటలతో 1973లో ఆమె అక్క ప్రిసిల్లా, భర్త బుకర్ టి.తో కలిసి రికార్డు చేసింది కూడా. విని చూడండి. నాకైతే రీటా పేరు ఆ పాట మీద ఉండాల్సిందే.

రెండో విషయం గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉండవచ్చు.

మల్లెతీగ

అంటే పాట ఒక స్త్రీ కోసం, అందులో సగం ఇంకో స్త్రీ కట్టిన వరుస. ఒకరి పేరు మార్చారు, ఇంకొకరి పేరు వేయనే లేదు.

నీలిగోడ

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. కొత్త సభ్యుడు గారి మాట చదివాక రాయాలనిపించింది.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. పంతొమ్మిదో ఏట మొదలైంది. గదిలో ఎవరూ లేకపోయినా ఎవరో తనను తిడుతున్నారని చెవులు మూసుకునేవాడు. మొదటి రెండేళ్లు మాకు అర్థం కాలేదు. చూపించిన ఒకచోట నిద్రమాత్రలు రాసి పంపేశారు. ఇప్పుడు సరైన మందులతో, ఉద్యోగం కూడా చేసుకుంటూ ఉన్నాడు.

జిమ్ గోర్డన్‌కు ఏళ్ల తరబడి చెవుల్లో గొంతులు వినిపించేవి. వాటిలో తల్లి గొంతు అన్నిటికన్నా పెద్దది. అన్నం తినవద్దని, డ్రమ్స్ వాయించవద్దని ఆజ్ఞాపించేదట. చికిత్స కోసం ఆసుపత్రులకు వెళ్లాడు, కానీ జబ్బును సకాలంలో గుర్తించలేదు. 1983లో ఆ దారుణం జరిగాక, కోర్టు విచారణ సమయంలోనే స్కిజోఫ్రీనియా అని తేలింది. శిక్ష పడింది. మిగిలిన జీవితమంతా జైల్లో, జైలు వైద్యశాలల్లో గడిపి 2023లో చనిపోయాడు. రీటాను 1970లో కొట్టాడన్నదీ ఆమె రాసుకుంది. చనిపోయిన తల్లి, దెబ్బలు తిన్న స్త్రీ, వాళ్ల బాధను ఏ మాత్రం తగ్గించి చెప్పను. ఈ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు అందరూ ఎవరికీ హాని చేయరన్నది కూడా దయచేసి గుర్తుంచుకోండి.

ఆ పియానో భాగం నేను వింటాను. తలలో ఆ గొంతులు పూర్తిగా ఆక్రమించకముందు ఆ మనిషికి దొరికిన నిశ్శబ్దం అందులో ఉందేమోనని వింటాను. మా తమ్ముడికి కూడా వినిపించాను. "ఇది బాగుంది అక్కా, ఇందులో ఎవరూ మాట్లాడటం లేదు" అన్నాడు.

కొత్త సభ్యుడు

నీలిగోడ గారూ, క్షమించండి. తెలియక ఆ మాట వాడాను. ఇప్పుడే మళ్లీ విన్నాను, చివరిదాకా.

గజల్ ప్రియ

నీలిగోడ గారూ, మీ తమ్ముడి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మజ్నూన్ అన్న పదానికి అర్థం పైన అంత తేలిగ్గా రాసేశాను. మతి చలించినవాణ్ని ప్రేమికుడని కొనియాడిన కావ్యాలు వందల ఏళ్లుగా చదువుతున్నాం. నిజంగా మతి చలించినవాడు పక్కనే డ్రమ్స్ వాయిస్తుంటే ఆ స్టూడియోలో ఎవరూ గమనించలేదు.

జార్జియా ప్రవాసి

ప్యాటీ గురించి ఒక మాట చేరుస్తాను. ఆమె మంచి ఫొటోగ్రాఫర్, ఆ రోజుల్లో తీసిన చిత్రాలతో ప్రదర్శనలు పెట్టింది. 2024 మార్చిలో తన దగ్గరున్న వస్తువులను లండన్‌లో క్రిస్టీస్ వేలంలో అమ్మేసింది. 1970లో క్లాప్టన్ రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. ఆల్బమ్ అట్ట మీది పువ్వుల అమ్మాయి బొమ్మ గుర్తుందా, ఆ అసలు చిత్రం కూడా ఆమె దగ్గరే ఉండేది. దానికి దాదాపు 20 లక్షల పౌండ్లు పలికింది.

మల్లెతీగ

మంచి పని చేసింది. ఆ ఉత్తరాలు యాభై ఏళ్లు మోసింది.

గిటారు సాధన

వారం రోజులుగా ఇవన్నీ చదువుతూ వచ్చాను, ఒక్కొక్కరికీ విడిగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. రాగమాల గారూ, ప ని స గ స ని స అని నోటితో పాడుకుంటూ వాయించాక, మూడు నెలలుగా తడబడుతున్న చెయ్యి రెండు రోజుల్లో దారికొచ్చింది.

నిన్న అమ్మకు కథంతా చెప్పాను. ప్యాటీ సంగతి, నిజామీ లైలా అన్న మాటలు, నీలిగోడ గారి తమ్ముడు అన్నది కూడా. ఆమె మొదటి భాగం విని, గట్టిగా ఉంది అంది. పియానో వచ్చాక మాత్రం కూరగాయల పళ్లెం పక్కన పెట్టి కూర్చుంది. "పాపం, అడిగి అడిగి అలిసిపోయాడు" అంది. తర్వాత ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు నాకు ఆ రెండో భాగం స్లైడు నేర్చుకోవాలని ఉంది. గాజు గొట్టం ఎలాంటిది కొనాలి?

జార్జియా ప్రవాసి

డ్యువాన్ వాడింది కొన్న గొట్టం కాదు. జలుబు మాత్రలు వచ్చే చిన్న ఖాళీ గాజు సీసా. ఉంగరపు వేలికి తొడుక్కునేవాడు. గోడలు దళసరిగా ఉండి, వేలికి మరీ వదులు కాని సీసా ఏదైనా చూడండి. తీగను నొక్కకూడదు, తాకాలి అంతే. మెట్టు మధ్యలో కాదు, సరిగ్గా మెట్టు కడ్డీ మీద.

రాగమాల

సీసా వెనక ఉన్న వేళ్లను తీగ మీద మెత్తగా ఆనించండి, అనవసరపు మోత తగ్గుతుంది. మొదటి నెల రెండు స్వరాల మధ్య జారు మాత్రమే. చెవి ఒప్పుకునేదాకా మూడోదానికి వెళ్లవద్దు.

గిటారు సాధన

మందుల దుకాణాల్లో అడిగాను, ఇప్పుడన్నీ ప్లాస్టిక్ డబ్బాలే. విషయం విని అమ్మ తన కుట్టు పెట్టె తెచ్చింది. నాన్న ఉన్నప్పటి మాత్రల సీసా ఒకటి, దళసరి గాజుది, అందులో సూదులు దాచుకుంటోంది ఇన్నాళ్లూ. కడిగి ఇచ్చింది. ఉంగరపు వేలికి సరిగ్గా పట్టింది. సూదులు ఇప్పుడు అగ్గిపెట్టెలో ఉన్నాయి.